ఏడాది మూతపెట్టిన ఎర్ర కారు

నాయనా,

బాగున్నావా అని అడిగే వీలు లేదు కాబట్టి నేరుగా సంగతికి వస్తున్నాను. నువ్వు పోయి ఏడాది దాటి మూడో నెల నడుస్తోంది. అమ్మ బాగానే ఉంది. నేను బాగున్నానో లేదో నాకే సరిగ్గా తెలియదు. నీ కారు బాగయింది.

బాగయిందంటే ముందు పాడయిందనే కదా... ఎవరు పాడు చేశారో, ఎట్లా చేశారో తెలిస్తే నువ్వు నవ్వుతావో, తల పట్టుకుంటావో. నేను రెండూ చేశాను.

నీ కర్మ ముగిసిన రోజే పెద్దనాయన మన వాకిట్లో నిలబడి తీర్పు చెప్పేశాడు. "పోయినోళ్ల బండి ఏడాది తిరిగేదాకా తీయగూడదు. తమ్ముడు కూర్చున్న సీట్లో ఇంకొకరు కూర్చోగూడదు." అంతే. టార్పాలిన్ కప్పారు. తాళ్లతో బిగించి కట్టారు. టైర్ల కింద రాళ్లు పెట్టారు. పైన బంతిపూల దండ వేశారు. తాళంచెవి తీసుకెళ్లి నీ ఫోటోకు తగిలించారు. ప్రతి అమావాస్యకూ అమ్మ నీ ఫోటోకు ఒక హారతి, టార్పాలిన్‌కు ఒక హారతి ఇచ్చింది. దారిన పోయేవాళ్లు చెప్పులు విడిచి దండం పెట్టుకుంటారేమో అనిపించేది నాకు.

మూడో నెలలో నేను అడిగాను. వారానికొకసారి స్టార్ట్ చేసి పెడితే బ్యాటరీ చావకుండా ఉంటుంది పెద్దనాయనా అని. "ఇంజనీరింగు సదివినావు, ఏడాది ఆగలేవా? ఆ బండెక్కి యాడికి పోవాల నువ్వు?" అన్నాడు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నోరు చేదుగా ఉంటుంది.

నీ కారంటే మొదటి నుంచీ అందరికీ నవ్వులాటే. బెల్లం మండీ నడుపుకునే మనిషి బెంగళూరులో ఎవరో వదిలించుకున్న పాత స్పోర్ట్స్ కారు కొనుక్కుని పలమనేరు ఘాటు మీదుగా తోలుకొచ్చాడంటే నవ్వరా? రెండు తలుపులు, ఎర్ర రంగు, నేలను కరుచుకున్నట్టుండే ఒళ్లు. ఐరాల నుంచి బెల్లం బండ్లతో వచ్చిన రైతులు దాని చుట్టూ తిరిగి, "ఏందప్పా ఇది, తొక్కేసిన చెప్పు మాదిరుండాది" అనేవాళ్లు. నువ్వు కోపం తెచ్చుకునేవాడివి కాదు. "కూర్చోని సూడు, దిగబుద్ధి కాదు నీకు" అనేవాడివి.

ముగ్గురం ఉన్న ఇంటికి రెండు సీట్ల బండి ఎందుకు తెచ్చావు నాయనా?

నువ్వున్నప్పుడు ఈ ప్రశ్న నాకు తోచనే లేదు. పెళ్లయినా, పేరంటమైనా మనిద్దరం కార్లో, అమ్మ బస్సులో. "ఆ గుంతలో కూర్చుంటే నాకు నడుము పట్టేస్తాది" అనేది. ఒక్కసారీ ఎక్కని మనిషికి నడుము పట్టేస్తుందని ఎట్లా తెలిసింది?... 

సంవత్సరీకం గిరి అన్నే చేశాడు. నీకు తలకొరివి పెట్టింది పెద్దనాయన కొడుకు కాబట్టి ఇదీ అతనే చేయాలన్నారు. భోజనాలయ్యాక పెద్దనాయన నీ ఫోటో మీది తాళంచెవి తీసి గిరి చేతిలో పెట్టాడు. "కొరివి పెట్టినోడిది" అన్నాడు. అమ్మ విస్తరాకులు ఎత్తుతోంది. నేను నీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ మా ఇద్దరి వైపూ చూడలేదు.

కొరివి పెట్టనిస్తే నేను పెట్టేదాన్ని కాదా? శ్మశానం గేటు దాకా వచ్చినదాన్ని అక్కడి నుంచి వెనక్కి పంపింది ఎవరు? నువ్వు చూసి ఉంటే ఏమనేవాడివి?... నువ్వూ వాళ్ల పక్కనే నిలబడేవాడివని నాకు అనుమానం. నీ మీద నాకున్న కోపమంతా ఆ అనుమానంలోనే ఉంది.

అనుమానం ఊరికే రాలేదు. వేలూరు ఆసుపత్రిలో నిన్ను చూడడానికి గిరి వచ్చిన రోజు గుర్తుందా? మంచం చుట్టూ మనవాళ్లందరూ ఉన్నారు. నువ్వు అతని చెయ్యి పట్టుకుని, "బండి జాగ్రత్తప్పా గిరీ. ఇంక నువ్వే సూసుకోవాల" అన్నావు. నేను ఆ గదిలోనే సింకు దగ్గర నీ ఫ్లాస్కు కడుగుతున్నాను. ఆ బండికి రివర్స్ గేరు ఎటు వేస్తే పడుతుందో కూడా గిరికి తెలియదు. నాకు తెలుసు. నాకు తెలుసని నీకూ తెలుసు.

కొత్త బ్యాటరీ వేయించి గిరి స్టార్ట్ చేశాడు. ఇంజన్ పలికింది. ఏసీ వేస్తే మాత్రం సెగ. "ఇది కారు గాదు హేమా, ఇటుకల బట్టీ" అన్నాడు చొక్కా విదిలించుకుంటూ. "నువ్వెట్లాగూ ఖాళీగానే ఉండావు గదా, బాగు చేయించి పెట్టు. వచ్చి తీసకపోతా."

ఖాళీ. నీ దగ్గర ఉండాలని బెంగళూరులో ఉద్యోగం వదులుకుని వచ్చినదాన్ని మనవాళ్లు ఖాళీ అంటారు.

చేయనని చెప్పొచ్చు. చెప్పలేదు. తాళంచెవి నా చేతికి రావడానికి నాకు కనిపించిన దారి అదొక్కటే. చల్లగాలి రానంత కాలం బండి నాది. వచ్చిన రోజున గిరిది. నాకు ఆ బండి కావాలి నాయనా. ఆ మాట ఇంట్లో ఒక్కరితో కూడా అనలేకపోయాను. ఎందుకు అనలేకపోయానో చెప్పు... ఆ అలవాటు ఎవరి దగ్గర నేర్చుకున్నానో కూడా చెప్పు.

మన చిత్తూరులో మెకానిక్కులెవరూ దాన్ని ముట్టుకోలేదు. సామాను దొరకదన్నారు. ఎండ ముదరకముందే అద్దాలు దించుకుని తిరుపతికి తోలుకెళ్లాను. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిచోటా బండిని అడ్డంగా తిప్పి ఒక్కో చక్రమే ఎక్కించాను. వెనకాల లారీలవాళ్లు హారన్లు కొట్టినా తొందరపడలేదు.

కరకంబాడి రోడ్డులో ఏసీ షెడ్డు నడిపే మునిరత్నం అనే ఆయన దొరికాడు. వాగుడుకాయ. "మాది పుత్తూరమ్మా. మా ఊర్లో ఎముకలు అతికిస్తారు, నేను పైపులు అతికిస్తా" అన్నాడు. బానెట్ ఎత్తి ఒకసారి చూసి, "గ్యాస్ అయిపోయిండాది, అంతే. పట్టిస్తే మంచు కురస్తాది" అన్నాడు. పట్టించాడు. కురిసింది. వారం కూడా నిలవలేదు. మళ్లీ వెళితే మళ్లీ పట్టిద్దామన్నాడు. ఉన్న గ్యాస్ ఎక్కడికి పోయిందన్నా అని అడిగితే, "పాతదైపోయింది గదమ్మా. ముసిలోళ్లకు మతిమరుపు వచ్చినట్ల దీనికి గ్యాస్ నిలవదు" అని పెద్దగా నవ్వాడు.

నేను స్టూలు లాక్కుని అక్కడే కూర్చున్నాను. కారుతోంది ఎక్కడో తేలేదాకా కదలనన్నాను. నా మొహం చూసి నవ్వు ఆపాడు.

గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి ఒత్తిడి చూపే గేజీ తగిలించాడు. ముల్లు నిదానంగా కిందికి జారుతోంది. అంటే కారుతున్న మాట నిజం. సబ్బు నురుగు తీసుకుని ప్రతి అతుకుకూ పూశాం. రేడియేటర్ ముందుండే కండెన్సర్, రబ్బరు గొట్టాలు, గొట్టాల మధ్య రింగులు... ఒక్క బుడగ లేవలేదు. "అయితే లోపల కూలింగ్ కాయిల్ పోయింటాది. డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాల" అంటూ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఆ పాత ప్లాస్టిక్ ఒకసారి ఊడదీస్తే మళ్లీ ముక్కలు ముక్కలుగానే వస్తుందని ఇద్దరికీ తెలుసు.

అందరూ ఇంజన్‌లోకి వంగి చూస్తారు. నా నడుము నొప్పి పుట్టి నేను నిటారుగా లేచాను. అప్పుడు ఎత్తి పెట్టిన బానెట్ లోపలి వైపు కంట పడింది. ఒకచోట మాత్రం దుమ్ము నల్లగా, జిడ్డుగా, గీత గీసినట్టుంది. తిరిగే చక్రం దేన్నో చిమ్మితే పడే గీత. బానెట్ దించితే ఆ గీత సరిగ్గా ఏసీ గ్యాస్‌ను తిప్పే కంప్రెషర్ కప్పీ పైకి వస్తుంది. వేలితో తాకితే నూనె అంటింది.

డ్యాష్‌బోర్డు జోలికి పోవద్దన్నా, ఇక్కడ చూడు అన్నాను. మునిరత్నం నా వేలి వైపు, బానెట్ వైపు, కంప్రెషర్ వైపు చూశాడు. "కప్పీ ఎనకాల దాంకోనుండాది దొంగముండ" అన్నాడు. కప్పీ అడ్డం ఉండడం వల్ల నురుగు అక్కడికి చేరలేదు. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, "కండ్లు నెత్తిన పెట్టుకోని తిరగతావామ్మా నువ్వు" అన్నాడు. పొగిడాడో తిట్టాడో ఇప్పటికీ తేలలేదు.

కప్పీ, క్లచ్ విప్పితే లోపల సీలు. ఉంగరమంత రబ్బరు ముక్క. కంప్రెషర్ ఇరుసు చుట్టూ పట్టుకుని ఉండాల్సింది, ఎండి పెంకులా తయారైంది. గోటితో నొక్కితే విరిగింది.

"ఎంతకాలం పెట్టేసినారమ్మా బండిని?" అని అడిగాడు. ఏడాది అన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. టార్పాలిన్, దండ, అమావాస్య హారతులు, అన్నీ. మునిరత్నం గడ్డం గోక్కుంటూ విని, "సూతకం మనుషులకు గదమ్మా, కంప్రెషర్‌కు యాడిది?" అన్నాడు. షెడ్డులో ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు.

ఆ సీలును తడిగా ఉంచేది లోపలి నూనె. అది గ్యాస్‌తో పాటు తిరుగుతుంది. ఏసీ వేస్తేనే తిరుగుతుంది. ఆ ముక్క అరచేతిలో పెట్టుకుని నిలబడ్డప్పుడు నువ్వు గుర్తొచ్చావు. పలమనేరులో, చేతులు కొంకర్లు పోయే చలిలో, నువ్వు ఏసీ వేసేవాడివి. చలికి చంపుతావా నాయనా అని నేను అరిస్తే, "ఉండు పాపా, దానికీ గొంతు తడపాల గదా" అనేవాడివి. నేను నీ పిచ్చి అనుకున్నాను. ఆ ఒక్క మాటా విడమరిచి ఎందుకు చెప్పలేదు? నువ్వెప్పుడూ అంతే. సగం చెప్పి నవ్వేవాడివి. మిగతా సగం మేము ఇట్లా విరిగిన ముక్కల్లో వెతుక్కోవాలి.

మర్యాద చేస్తున్నామనుకుని ఎండగట్టాం నాయనా దాన్ని. హారతులిస్తూ ఎండగట్టాం.

సీలు తిరుపతిలో దొరకలేదు. మునిరత్నం బావమరిది చెన్నైలో పాత కార్ల సామానమ్మే వీధులన్నీ తిరిగి ఒకటి పంపాడు. అది చాల్లేదు. ఇంకొకటి పంపాడు. అది కూర్చుంది. గ్యాస్‌లోని తేమను పీల్చే డ్రయర్ సీసా కూడా కొత్తది వేశాం, కొత్త నూనె పోశాం. లోపలి గాలంతా లాగేసి, గేజీ ముల్లు కదలకుండా నిలబడిందని నాకు నమ్మకం కుదిరాకే గ్యాస్ ఎక్కించనిచ్చాను. చల్లగాలి వచ్చింది. మునిరత్నం ఆ గాలికి మొహం పెట్టి కళ్లు మూసుకున్నాడు. బయట కొండరాళ్ల వేడికి రోడ్డు మీద గాలి అల్లాడుతోంది.

సంతోషించాల్సింది. నేను మాత్రం, అయిపోయింది, ఇక గిరిది అనుకున్నాను.

ఆ రోజు అమ్మ మొక్కు తీర్చుకోవడానికి కొండకు వచ్చి ఉంది, బస్సులోనే. తిరుగు ప్రయాణం నాతో రమ్మన్నాను. నడుము అంది. వినకుండా కూర్చోబెట్టి, చీర కుచ్చిళ్లు లోపలికి సర్ది తలుపు వేశాను. చంద్రగిరి దాటాక, "తగ్గియ్యి, పండ్లు జివ్వుమంటాండాయి" అంది. తగ్గించాను. కాసేపటికి గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి చూసుకుని, నా వైపు తిరగకుండానే, "ఇన్నేండ్లూ మీ ఇద్దరూ ఇంత సల్లగా పోతా వస్తా ఉన్నారా?" అంది.

దానికి నువ్వుంటే ఏం చెప్పేవాడివి?...

చిత్తూరు దగ్గరపడింది. ఊరి ముందు ఆ మలుపు రాగానే నా కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది. ఏమైందని అమ్మ అడిగింది.

ఏ మలుపో నీకు చెప్పాలా? ఇంటర్ సెలవుల్లో ఐరాల దారిలో నాకు డ్రైవింగ్ నేర్పినవాడివి నువ్వే. తర్వాత పలమనేరు ఘాటులో లారీల మధ్య నా చేత తోలించి, "అట్లుండాల పాపా, చెయ్యి వణకగూడదు" అని తొడ చరుచుకున్నవాడివీ నువ్వే. ఊరికి ఏ వైపు నుంచి వచ్చినా మొదటి ఇళ్లు కనబడే చోట మాత్రం ఆపించేవాడివి. "దిగు పాపా. ఊర్లోకి పోతాండాం." నువ్వు కారు ముందు నుంచి ఇటు వచ్చేవాడివి, నేను వెనక నుంచి అటు పోయేదాన్ని. మండీ ముందు అందరూ చూస్తుండగా స్టీరింగు వైపు నుంచి దిగేది నువ్వు. "ఎవరన్నా ఏమన్నా అంటారు" అనేవాడివి. ఎవరు నాయనా? ఆ ఎవరో ఒకరి పేరు చెప్పి ఉంటే నేనే వెళ్లి మాట్లాడేదాన్ని.

అదంతా అమ్మకు చెప్పాను. అమ్మకు తెలియదు. ఇన్నేళ్లూ నువ్వు దిగడమే చూసింది. "నువ్వు తోలేదానివా" అని మాత్రం అంది. నేను బ్రేకు వదిలి ఊళ్లోకి పోనిచ్చాను.

శుక్రవారం పెద్దనాయన, గిరి వచ్చారు. చక్రాల కింద పెట్టడానికి పెద్దనాయన సంచిలో నిమ్మకాయలు తెచ్చాడు. నేను స్టార్ట్ చేసి చూపించాను. గిరి లోపల కూర్చుని, "అబ్బా, ఊటీ గదా ఇది" అన్నాడు. దిగి చెయ్యి చాచాడు. నేను తాళంచెవి తీసి పిడికిట్లో పెట్టుకున్నాను. ఇవ్వను అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఏందే? కొరివి పెట్టినోడికి లేని హక్కు నీకు యాడినుంచి వచ్చింది?" అన్నాడు పెద్దనాయన. నన్ను పెట్టనిచ్చారా అన్నాను. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. గిరి మాత్రం నెమ్మదిగానే, "నేను అడిగినానా హేమా? చిన్నాయనే సెప్పినాడు గదా, అందరి ముందర" అన్నాడు.

అది నిజం. గిరి అబద్ధమాడలేదు. నేను నీ వల్లే గెలవలేక నిలబడిపోయాను నాయనా. నువ్వు ఒక్క మాట కూడా నా వైపు మిగల్చకుండా పోయావు.

దాంతో పెద్దనాయనకు మళ్లీ బలం వచ్చింది. "తమ్ముడు ఉండంగా ఆడబిడ్డ ఏనాడన్నా ఆ బండి స్టీరింగు ముట్టిందా? ఇది తోలతాదా?" అని నవ్వాడు.

అమ్మ గడపలో నిలబడి ఉంది. ఆయన ముందు అమ్మ గొంతెత్తడం నువ్వూ ఎప్పుడూ విని ఉండవు.

"తోలతాది బావా. ఇన్నేండ్లూ ఊరి బయటిదాకా అదే తోలింది. లోకం సూస్తాదని ఆయన దాసినాడు. ఆసుపత్రిలో గూడా అంతే, లోకం ముందర అన్న మాట అది. దాని బండి దానికి ఉండనీ."

అమ్మ చెప్పిందే నిజమా నాయనా? ఆ మాట గిరితో అనలేదా, చుట్టూ ఉన్నవాళ్లతో అన్నావా? అయితే నాతో ఎప్పుడు అనాలనుకున్నావు? "బండి పాపది" అనే రెండు ముక్కలు నువ్వు అనాల్సినవి. నీకు ఊపిరి ఉన్నప్పుడు అనాల్సినవి. ఆ బండి ఒకే ఒక్కసారి ఎక్కిన మనిషి అనింది.

పెద్దనాయన సంచి అరుగు మీద పెట్టాడు. "అట్లయితే వచ్చే ఏడు తద్దినానికి గూడా దీన్నే కూర్చోబెట్టుకోండి. నా కొడుకు రాడు" అని వెళ్లిపోయాడు. గిరి చెప్పులు వేసుకుని, ఒకసారి కారు వైపు చూసి ఆయన వెనకే పోయాడు. ఆ రోజు నుంచి ఆ ఇంటి నుంచి మనుషులు రావడం లేదు, కబురూ లేదు. అమ్మ ఆ నిమ్మకాయలన్నీ కోసి ఊరగాయ పెట్టింది.

కారు వాకిట్లోనే ఉంది, టార్పాలిన్ లేకుండా. వారానికొకసారి ఏసీ వేస్తున్నాను. నీ కోసం కాదు, సీలు కోసం.

అయ్యవారిని అడిగాను, ఆడపిల్ల తద్దినం పెట్టొచ్చా అని. "సూస్తాం తల్లీ" అని తల గోక్కున్నాడు. ఆయన ఒప్పుకుంటే సరి. లేకపోయినా వచ్చే ఏడు నీ పిండం నేనే వండుతాను, నేనే పెడతాను. పెద్దనాయన్ని పిలుస్తాను, గిరిని పిలుస్తాను, మండీవాళ్లందరినీ పిలుస్తాను. వద్దన్నవాళ్లు కూడా ఏం జరుగుతుందో చూడడానికి తప్పకుండా వస్తారు. మేడ పిట్టగోడ మీద ఆకు వేసి, అన్నం పెట్టి, పక్కకు జరిగి నిలబడతాను. కాకి ముట్టకపోతే, కూతురు పెట్టిందని అలిగాడు అంటారు.

రావాలో వద్దో అప్పుడు నువ్వే తేల్చుకో నాయనా. అందరూ చూస్తుండగా.

నీ కూతురు,
హేమ